'24' మొదటి సీజన్ చివరి గంట: ఏం జరుగుతుందో తెలిసి కూడా చూసే ఎపిసోడ్

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో అన్నీ స్పాయిలర్లే. '24' మొదటి సీజన్ ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి. ముగింపు దాచిపెట్టి ఈ ఎపిసోడ్ గురించి మాట్లాడటం కుదరని పని.

రాత్రి 11 నుంచి 12 వరకు జరిగే కథ. 2002 మే 21న అమెరికాలో ఫాక్స్ చానల్లో మొదటిసారి వచ్చింది. ఏళ్ల తరబడి దీన్ని మళ్లీ మళ్లీ చూస్తూ వస్తున్నాను. ఒక్కోసారి సీజన్ మొత్తం చూసుకుంటూ ఇక్కడికి వచ్చాను, ఒక్కోసారి నేరుగా ఇదే పెట్టుకున్నాను. థ్రిల్లర్‌కి ఇంతకంటే కఠినమైన పరీక్ష ఉండదు. ద్రోహి ఎవరో, చచ్చేది ఎవరో తెలిశాక చాలా థ్రిల్లర్లు రెండోసారికే చప్పబడిపోతాయి. ఇది చప్పబడలేదు. పైగా నాకు మొదటిసారి కంటే తర్వాతే ఎక్కువ టెన్షన్ పెట్టింది.

సిరీస్ సంగతి తెలియనివాళ్లు తక్కువే ఉంటారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. జోయెల్ సర్నో, రాబర్ట్ కాక్రన్ కలిసి తయారుచేసిన ఈ సిరీస్‌లో ఒక సీజన్ అంటే ఒక రోజు, ఒక ఎపిసోడ్ అంటే ఒక గంట. లాస్ ఏంజెలెస్‌లో కౌంటర్ టెర్రరిస్ట్ యూనిట్, అంటే సీటీయూ, అధికారి జాక్ బావర్‌గా కీఫర్ సదర్లాండ్ చేశాడు. ఆ రోజు కాలిఫోర్నియాలో అధ్యక్ష పదవి అభ్యర్థిత్వానికి ప్రైమరీ ఎన్నిక. పోటీలో ఉన్న సెనేటర్ డేవిడ్ పామర్‌ని (డెనిస్ హేస్‌బర్ట్) చంపడానికి కుట్ర. అందులో భాగంగానే జాక్ కూతురు కిమ్‌నీ, భార్య టెరీనీ ఎత్తుకుపోతారు. దీనంతటికీ మూలం రెండేళ్ల కిందట కొసావోలో జరిగిన ఒక రహస్య ఆపరేషన్. దాన్ని ఆమోదించిన సెనేట్ ఉపసంఘానికి పెద్ద పామర్, అమలు చేసినవాడు జాక్. దాని గురి సెర్బియన్ యుద్ధ నేరస్థుడు విక్టర్ డ్రేజన్. అందులో అతని భార్యా కూతురూ చనిపోయారు. వాళ్లకి బదులుగా జాక్ భార్యా కూతురూ పోవాలన్నది డ్రేజన్ లెక్క.

ఆ లెక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

మొదటిసారి చూసినప్పుడు నా కళ్లన్నీ జాక్ మీదే ఉన్నాయి. ఉండకుండా ఎలా ఉంటాయి? సీటీయూలో జాక్‌తో పనిచేసే నీనా మయర్స్ ఫోన్ చేసి, నీ కూతురు చచ్చిపోయింది, శవం నీళ్లలో దొరికింది అంటుంది. నిజానికి కిమ్ అప్పటికే డ్రేజన్ల చేతుల్లోంచి తప్పించుకుంది. ఈ అబద్ధం జాక్‌ని రెచ్చగొట్టి నేరుగా వాళ్ల దగ్గరికి రప్పించడానికి వేసిన ఎత్తు. ఎత్తు పారుతుంది, కాకపోతే వాళ్లు అనుకున్నట్టు కాదు. జాక్ వ్యాన్ వేసుకుని డ్రేజన్లు ఉన్న ఓడరేవు డాక్‌లోకి దూసుకుపోయి అందరినీ కాల్చేస్తాడు. చివరికి విక్టర్ దగ్గర తూటాలు అయిపోతాయి. లొంగిపోతున్నా జాక్ ఆగడు. ఒక్క తూటాతో పోయేవాడికి తుపాకీ ఖాళీ అయ్యేదాకా కాలుస్తాడు. హీరో గెలిచాడని చప్పట్లు కొట్టాల్సిన చోట మనకి చేతులు రావు, ఎందుకంటే ఆ కోపానికి ఆధారం అబద్ధమని మనకి తెలుసు, అతనికి తెలియదు.

ఇదే ఈ ఎపిసోడ్‌కి వెన్నెముక. నీనా ద్రోహి అన్న సంగతి దీని ముందు ఎపిసోడ్ చివర్లోనే మనకి చెప్పేశారు. ట్విస్ట్‌ని చివరి నిమిషం దాకా దాచుకుని ఢమాల్మని పేల్చడం సులువు. వీళ్లు ఆ సులువైన పని చేయలేదు. గంట ముందే మన చేతికి ఇచ్చేసి, జాక్ ఆమెని నమ్ముతూ ఫోన్లో మాట్లాడుతుంటే మనల్ని కూర్చోబెట్టి చూడమన్నారు. అందుకే ముగింపు తెలిసి చూసినా దెబ్బ తగ్గదు. మొదటిసారి చూసినా మనం సగం తెలిసినవాళ్లమే కదా. మళ్లీ చూసినప్పుడు మిగతా సగం కూడా తెలిసి చూస్తాం, అంతే తేడా.

నా అనుభవంలో రెండోసారి నుంచి డాక్ సీన్లు వెనక్కి వెళ్లిపోయాయి. తుపాకుల మోత ఇప్పుడు నాకు పెద్దగా ఎక్కదు. డెనిస్ హాపర్ అంత గొప్ప నటుడు, కానీ విక్టర్ డ్రేజన్‌గా ఆయన పెట్టిన సెర్బియన్ యాస మాత్రం ఎన్నిసార్లు విన్నా అతికినట్టు ఉండదు. (పక్కన కొడుకులుగా చేసినవాళ్లు ఆయన కంటే నయం.) నేను ఇప్పుడు చూసేది సీటీయూ ఆఫీసులో జరిగేది. టెరీ అక్కడే ఉంటుంది. పొద్దుట్నుంచీ కిడ్నాప్, పరుగులు, ఇంకా ఏమేమో పడి, ఇప్పుడు ఇక్కడ క్షేమంగా ఉన్నాననుకుంటూ మొగుడి కోసం, కూతురి కోసం ఎదురుచూస్తుంటుంది. ఆమె కడుపుతో ఉంది. భవనం నిండా సెక్యూరిటీ. లాస్ ఏంజెలెస్ మొత్తంలో ఆ గంటలో ఆమెకి అంతకంటే భద్రమైన చోటు లేదు. ఆమెని చంపబోయే మనిషి అదే అంతస్తులో, అదే కారిడార్లో, చేతిలో ఫోన్‌తో తిరుగుతోంది.

టెరీగా చేసిన లెస్లీ హోప్ నటన గురించి ఎవరూ తగినంత చెప్పలేదనిపిస్తుంది నాకు. సీజన్ మధ్యలో టెరీకి జ్ఞాపకశక్తి పోయే ట్రాక్ ఒకటి ఉంది, అది సీజన్‌కే పెద్ద మచ్చ. ఎపిసోడ్లు నింపడానికి పెట్టారని చిన్నపిల్లాడైనా పట్టేస్తాడు. అంత చెత్త ట్రాక్ మోసిన తర్వాత కూడా, చివరి గంటలో ఆమె నీనా ఎదురుగా నిలబడితే మనిషిలాగే ఉంటుంది. ఈ ఇద్దరి మధ్య ఒక ముడి ఉంది. జాక్, టెరీ కొంతకాలం విడిగా ఉన్నప్పుడు నీనాతో జాక్‌కి సంబంధం ఉండేది. అది టెరీకి ఆ రోజే తెలిసింది. కాబట్టి చివర్లో ఆమె నీనా ఉన్న గదిలోకి అడుగుపెట్టినప్పుడు గూఢచారి కథ ఒకటీ, సంసారం కథ ఒకటీ ఒకేసారి ఆ తలుపు దగ్గరికి చేరతాయి. నీనా ఫోన్లో వేరే భాషలో మాట్లాడటం టెరీ వింటుంది. ఆ తర్వాత కట్టేసిన తాళ్లు. కాల్చడం మనకి చూపించరు.

చూపించకపోవడం సరైన నిర్ణయం. చూపించి ఉంటే ఆ తర్వాత జాక్ సీటీయూకి వచ్చి నీనాని పార్కింగ్‌లో పట్టుకోవడం, ఆమెని చంపేయబోతుంటే సీటీయూ అధికారి జార్జ్ మేసన్ ఆపడం, కిమ్‌ని కౌగిలించుకోవడం, ఇవన్నీ మనం ఇంకోలా చూసేవాళ్లం. ఇప్పుడైతే మొదటిసారి చూసేవాళ్లకి ఒక్క ప్రశ్నే: టెరీ ఎక్కడ? తెలిసినవాళ్లకి ఇంకా ఘోరం. కిమ్ కౌగిలింత కూడా ప్రశాంతంగా చూడలేం.

ఇక గడియారం. ప్రతి ఎపిసోడ్‌లోనూ ప్రకటనల ముందు, తర్వాత డిజిటల్ అంకెలు టక్ టక్‌మంటూ కనిపించడం ఈ సిరీస్ ముద్ర. టీవీలో చూసినప్పుడు ప్రకటనలు నడుస్తున్నంతసేపూ కథలో గడియారం కూడా నడుస్తుంది. డిస్కు మీదో, స్ట్రీమింగ్‌లోనో చూస్తే ప్రకటనలు ఉండవు, గడియారం మాత్రం ఒక్క ఉదుటున కొన్ని నిమిషాలు ముందుకి దూకుతుంది. మొదట్లో ఇది నాకు చిరాకనిపించేది. గంట అని చెప్పి నలభై చిల్లర నిమిషాలు చూపిస్తున్నారేంటి అని. తర్వాత తర్వాత ఆ దూకుళ్లలో ఏం జరిగి ఉంటుందా అని ఆలోచించడం మొదలుపెట్టాను. ముఖ్యంగా ఈ ఎపిసోడ్‌లో. మనం చూడని నిమిషాల్లోనే కదా జరగకూడనివి జరిగేది.

మామూలు థ్రిల్లర్ అయితే విలన్ నీళ్లలో పడగానే శుభం కార్డు వేసేస్తుంది. ఇక్కడ విలన్ చచ్చాక కూడా గంట పూర్తి కాలేదు. సిరీస్ పెట్టుకున్న నియమం ప్రకారం 12 కొట్టేదాకా కథ ఆగకూడదు. కాబట్టి గెలిచిన మనిషికి ఇంకా టైమ్ మిగిలింది, ఆ మిగిలిన టైమే అతని కొంప ముంచింది. రియల్ టైమ్ అన్న టెక్నిక్‌ని సీజన్ మొత్తం హడావిడి పెంచడానికి వాడుకున్నారు. దాని అసలు పదును ఈ చివరి భాగంలోనే కనిపిస్తుంది. ఎప్పుడూ చప్పుడు చేసే గడియారం, టెరీని ఒళ్లో పెట్టుకుని జాక్ కూలిపోయాక, మొదటిసారి చప్పుడు లేకుండా నడుస్తుంది. ఈ నిశ్శబ్ద గడియారాన్ని తర్వాతి సీజన్లలోనూ వాడారు. మూడో సీజన్లో రయన్ చాపెల్, ఐదో సీజన్లో ఎడ్గర్ అనే సీటీయూ మనుషులు చనిపోయినప్పుడు. ఎడ్గర్ దగ్గర నేను ఏడ్చాను కూడా. కానీ అప్పటికి అది ఒక సంప్రదాయం అయిపోయింది, వస్తుందని ముందే తెలిసిపోతుంది. ఇక్కడ అలా కాదు. షాన్ క్యాలరీ సంగీతం సీజన్ పొడవునా మనల్ని తరుముతూనే ఉంటుంది. అది ఆగిపోయిందని గమనించేలోపు ఎపిసోడ్ అయిపోతుంది.

ఇప్పుడు డ్రేజన్ లెక్క సంగతి. భార్యకి భార్య, కూతురికి కూతురు అన్నాడు. కూతురు బతికింది. భార్య పోయింది. అంటే పగ పట్టినవాడు చచ్చిన తర్వాత అతని పగ సగం తీరింది, అదీ పగతో ఏ సంబంధమూ లేని కారణానికి. నీనాకి డ్రేజన్ల పగ పట్టదు, ఆమె తను తప్పించుకునే దారి చూసుకుంటోంది, అంతే. రాసినవాళ్లు ఇది కావాలనే చేశారో, అలా కుదిరిందో గానీ నాకు మాత్రం సీజన్ మొత్తంలో అన్నిటికంటే చేదుగా అనిపించే విషయం ఇదే.

లోపాలు లేవని అనను. పెద్దది నీనాయే. ఫాక్స్ మొదట 13 ఎపిసోడ్లకే ఒప్పుకుంది, మిగతావి తర్వాత పొడిగించారు. నీనాని ద్రోహిగా చేయాలన్న నిర్ణయం కూడా సీజన్ చివరికి వస్తుండగా తీసుకున్నదే. అది తెలిసి మొదటి నుంచి చూస్తే అతుకులు కనిపిస్తాయి. సీజన్ మొదట్లోనే జాక్‌కి ఆమె మీద అనుమానం వస్తుంది. తీరా చూస్తే సీటీయూ నుంచి సమాచారం బయటికి పోయిన రోజు ఆమె తనతోనే శాంటా బార్బరాలో ఉందని గుర్తొచ్చి వదిలేస్తాడు. ఆ ద్రోహం సీటీయూలోనే పనిచేసే జేమీ మీద తేలుతుంది. ఆమె ఆత్మహత్య చేసుకున్నట్టు అందరూ నమ్ముతారు. అది హత్య అనీ, చేసింది నీనా అనీ కెమెరా రికార్డింగ్ తిరగదోడి చివరి గంటలో బయటపెడతారు. ఇంతవరకు చక్కగా కుదిరింది. కానీ మధ్య ఎపిసోడ్లలో నీనా ఒంటరిగా ఉన్నప్పుడు కూడా జాక్ కోసం నిజంగా తల్లడిల్లే మనిషిలా కనిపిస్తుంది. ఎవరికోసం ఆ నటన, కెమెరా కోసమా? నీనాగా చేసిన సారా క్లార్క్ మొహం మాత్రం ఈ లోపాన్ని చాలావరకు కప్పేస్తుంది. చివరి ఎపిసోడ్‌లో ఆమె ముసుగు తీసేసినట్టు చేయదు, అదే పాత నీనా, అదే నెమ్మది. దాంతో మన భయం పెరుగుతుంది.

రెండో పేచీ: టెరీని చంపాల్సినంత అవసరం నీనాకి ఉందా? ఫోన్ మాటలు విన్నది, నిజమే. కట్టేసి, గదికి తాళం వేసి వెళ్లిపోతే సరిపోయేది కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది. రచయితలకి ఆ చావు కావాలి కాబట్టి నీనా చేత చంపించారన్న అనుమానం నాకు పూర్తిగా పోలేదు. అలా రాయించుకున్న చావే అయినా, దాన్ని చూపించిన తీరుకి దర్శకుడు స్టీఫెన్ హాప్కిన్స్‌ని మెచ్చుకోకుండా ఉండలేం.

పామర్ దంపతుల కథ నిడివిలో చిన్నదే, కానీ దాటేయకండి. పామర్ చనిపోయినట్టు లోకాన్ని నమ్మిస్తే జాక్‌కి కాస్త వ్యవధి దొరుకుతుంది. ఆ నాటకాన్ని భార్య షెరీ తన లెక్కలు తను వేసుకుని బయటపెట్టేస్తుంది. ఆమెని ఇక భార్యగా, దేశ ప్రథమ మహిళగా ఊహించలేనని పామర్ అక్కడే తెగతెంపులు చేసుకుంటాడు. హేస్‌బర్ట్ ఆ సీన్లో గొంతు పెంచడు. ఒకే గంటలో ఇద్దరు మగవాళ్లు భార్యల్ని పోగొట్టుకుంటారు, ఒకరు తెలిసి, ఒకరు తెలియక. నాకిది చాలా ఆలస్యంగా తట్టింది.

డీవీడీలో ఇంకో ముగింపు కూడా ఉంది. అందులో టెరీ బతుకుతుంది, ముగ్గురూ కలుస్తారు. ఒకసారి చూశాను. బాగానే తీశారు, తప్పేం లేదు. కానీ దాంతో అంతవరకు నడిచిన రోజంతా తేలిపోయి, హాయిగా నిద్రపోయే కథ అయిపోతుంది. చూడాలనుకుంటే కొన్నాళ్లు ఆగి చూడండి, అసలు ముగింపు చూసిన వెంటనే మాత్రం వద్దు.

ఇంకో మాట. సీజన్ 2 మొదటి ఎపిసోడ్‌ని అదే రాత్రి మొదలుపెట్టకండి. కథలో దాదాపు ఏడాదిన్నర గడిచిపోయి ఉంటుంది. జాక్ ఉద్యోగం మానేసి, గడ్డం పెంచుకుని, కూతురికి దూరమై కనిపిస్తాడు. ఆటోప్లే దానంతటదే నడిపించేస్తే, ఆ గడ్డానికి కారణమైనదాన్ని చూసి మనకి ఇంకా ఐదు నిమిషాలు కూడా అయి ఉండదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ముందే ఆపేసుకోండి.