మట్టిదారుల్లో రెండేళ్లు: 40 యూనిట్ల బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ కారు ఎంత దూరం లాగుతుంది?

కంపెనీ చెప్పే రేంజి, అంటే ఒక్క చార్జితో వెళ్లే దూరం, తారురోడ్డు లెక్క. తలకోన వైపు రాళ్లబాటల్లో రేంజిని గంటల్లో కొలవాలి. ఏసీ 1.5 కిలోవాట్లు లాగుతుందనుకోండి. 60 స్పీడులో 100 కిలోమీటర్లకు అది తినేది రెండున్నర యూనిట్లు. 15 స్పీడులో పాకుతుంటే అదే ఏసీకి 10 యూనిట్లు పోతాయి. మే నెల ఎండలో బ్యాటరీని చల్లబరిచేదీ ఆ కంప్రెసరే కాబట్టి ఇంకాస్త ఎక్కువే.

అందరూ భయపడేది ఘాట్ చూసి. తిరుపతి నుంచి తిరుమలకు ఎత్తు దాదాపు 700 మీటర్లు. మనుషులతో కలిపి 1,600 కిలోల బండిని అంత పైకి లేపడానికి 3 యూనిట్లు, నష్టాలు కలిపితే మూడున్నర. దిగేటప్పుడు మోటారే బండిని ఆపుతూ కరెంటు పుట్టిస్తుంది (దీన్నే రీజెన్ అంటారు), అందులో సగానికి పైగా వెనక్కి వస్తుంది. కొండ మీద నూరు శాతం చార్జి పెట్టుకుని దిగితే మాత్రం రీజెన్ పనిచేయదు, బ్రేకులు కాలిన వాసన వస్తుంది. 85 దగ్గర ఆపేయండి.

అసలు దొంగ ఇసుక. తారు మీద బండి దొర్లడానికి దాని బరువులో నూటికి ఒక వంతు బలం చాలు. గ్రావెల్ మీద రెండు మూడు వంతులు, ఎండిన స్వర్ణముఖి ఇసుకలో పది పైనే. ఈ బరువుకు ఒక్కో వంతూ 100 కిలోమీటర్లకు 4.4 యూనిట్లు. తిన్నది తిరిగి ఇవ్వదు కూడా.

మీటరులో 100 కిలోమీటర్లకు కనిపించే యూనిట్లు: తారుపై 13-14, గ్రావెల్‌పై 19-21, ఏసీతో రాళ్లబాటలో 27 దాకా. తిరుపతి నుంచి భాకరాపేట ఘాట్ మీదుగా తలకోనకు రానూపోనూ 120 కిలోమీటర్లు, అంటే 17 యూనిట్లు. 15 శాతం అడుగున ఉంచుకుంటే మట్టికి మిగిలేది ఇంకో 17. ఎంత ఆశ పుట్టినా 50 కిలోమీటర్లు దాటొద్దు. అడవిలో అనుమతి ఉన్న బాట విడిచి పోనేకూడదు.

టైర్లలో గాలి 33 పీఎస్‌ఐ నుంచి 26కి దించితే కుదుపు తగ్గుతుంది, ఇసుకలో పట్టు పెరుగుతుంది. పదునైన రాళ్లున్న చోట ఇంకా దించితే పక్కగోడ తెగుతుంది, దానికి పంక్చర్ కిట్ పనికిరాదు. స్టెప్నీ లేని మోడల్ అయితే ఇది మామూలు తలనొప్పి కాదు. తారెక్కే ముందు 12 వోల్టుల పంపుతో మళ్లీ నింపండి.

వదులు కంకరపై దిగేటప్పుడు రీజెన్ తక్కువలో పెట్టండి. ముందు చక్రాల బండిలో రీజెన్ గట్టిగా పడితే ఆ చక్రాలే జారతాయి, స్టీరింగ్ మాట వినదు. ఇంటికొచ్చాక బ్యాటరీ అడుగు పలకకు సొట్టలున్నాయేమో చూడండి. బండి ఆగిపోతే తాడు కట్టి ఈడ్చొద్దు. చక్రాలు తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది, బండిని పైకెక్కించుకుని మోసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ లారీనే పిలవాలి.

దారిలో ఊళ్లో 15 ఆంప్స్ ప్లగ్గు దొరికితే గంటకు మూడు యూనిట్లు ఎక్కుతాయి. ఎర్తింగ్ లేకపోతే చార్జర్ ఎర్ర లైటు వేసుకుని కూర్చుంటుంది, ముందే టెస్టరుతో చూసుకోండి. తిరిగేది వాళ్ల మీటరు, యూనిట్ల లెక్కన డబ్బులిచ్చేయండి.