చిప్ డిజైనా, అప్లికేషన్స్ ఇంజనీరింగా: ఏది మేలు?

విజయవాడ చుట్టుపక్కల కానూరులోనో వడ్డేశ్వరంలోనో ఈసీఈ చదివే విద్యార్థులు సెమీకండక్టర్ రంగం అనగానే చిప్ డిజైన్‌నే తలుచుకుంటారు. అప్లికేషన్స్ ఇంజనీరింగ్ అంటే కొందరు మొబైల్ యాప్‌ల పని అనుకుంటారు. మరికొందరి ఇళ్లలో అది కస్టమర్ కేర్ ఉద్యోగం కింద జమ అవుతుంది. రెండూ పొరపాటే. చిప్ కొన్న కంపెనీ దాన్ని తన సర్క్యూట్ బోర్డు మీద సరిగా పనిచేయించుకునేలా చూడటం, అందుకోసం చిప్‌ను పరీక్షించి చూసుకునే ఎవాల్యుయేషన్ బోర్డులు, దాన్ని ఎలా వాడాలో చెప్పే అప్లికేషన్ నోట్లు తయారుచేయడం ఈ ఇంజనీరు బాధ్యత.

డిజైన్‌లో లోతు ఎక్కువ. టేపవుట్ (పూర్తయిన డిజైన్‌ను తయారీకి పంపడం) తరువాత తప్పు బయటపడితే చిప్ నమూనాను ముద్రించే మాస్కులు మళ్లీ చేయించి, ఫ్యాబ్ అనే చిప్ కర్మాగారం నుంచి కొత్త వేఫర్లు (చిప్‌లు తయారయ్యే సిలికాన్ బిళ్లలు) వచ్చేదాకా నెలల తరబడి ఆగవలసి వస్తుంది కనుక, చిప్‌లోని ఒకే భాగం (బ్లాకు) మీద ఏడాదిపాటు కూర్చోగల ఓపిక కావాలి. కొత్తగా పట్టా పుచ్చుకున్నవారికి అవకాశాలు, ముఖ్యంగా డిజైన్‌ను తయారీకి ముందే సరిచూసే వెరిఫికేషన్‌లో, ఇటే ఎక్కువ.

అప్లికేషన్స్‌లో ఉన్నది వెడల్పు. ఒక ఉదాహరణ చెబుతాను. బక్ కన్వర్టర్ (ఎక్కువ డీసీ వోల్టేజిని తక్కువకు దించే సర్క్యూట్) చిప్ తరచూ కాలిపోతున్నదని కస్టమర్ ఫిర్యాదు చేస్తాడు. బోర్డు తెప్పించి చూస్తే ఇన్‌పుట్ కెపాసిటర్ చిప్‌కు దూరంగా ఉంటుంది. ఆ పొడవైన దారిలోని ఇండక్టెన్స్ వల్ల స్విచింగ్ జరిగిన ప్రతిసారీ వోల్టేజి ఎగిసి, చిప్ తట్టుకోగల హద్దు దాటుతున్నదని ఆసిల్లోస్కోపు చూపిస్తుంది. ఇంజనీరు లేఅవుట్ సరిచేయించి ఆ కేసు ముగిస్తాడు. అప్లికేషన్స్ బృందానికి లీడర్ అయినవాడు అక్కడితో ఆగడు. ముగ్గురు కస్టమర్లు అదే తప్పు చేశారంటే, తరువాతి చిప్‌లో ఇన్‌పుట్, గ్రౌండ్ పిన్నులను పక్కపక్కనే పెట్టమని డిజైన్ బృందాన్ని ఒప్పిస్తాడు. ఏ చిప్ తయారు కావాలో నిర్ణయించే చోట ఆయన మాటకు విలువ వచ్చేది ఇందుకే. నా దృష్టిలో ఈ వృత్తిలోని అసలైన గౌరవం ఇదే.

కష్టాలూ ఉన్నాయి. కస్టమర్ చిప్‌ను తప్పుపడతాడు, డిజైన్ బృందం బోర్డును తప్పుపడుతుంది, నడుమ నలిగేది ఈ ఇంజనీరే. ప్రయాణాలు, వేళకాని వేళ ఫోన్లు తప్పవు. ఇంగ్లీషులో స్పష్టంగా రాయడం రావాలి. మన జిల్లాల పిల్లలు చాలామంది వెనుకాడేది ఇక్కడే, కానీ అది సాధనతో వచ్చేదే. ఊరు విడవడం మాత్రం రెండింటికీ సమానం: హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లవలసిందే.

ఒకే సమస్యను తవ్వుకుంటూ పోవడం ఇష్టమైనవారికి డిజైనే మేలు. బోర్డునూ మనిషినీ రెంటినీ చదవగలవారికి అప్లికేషన్స్ మేలని నిస్సంకోచంగా చెబుతాను. అయితే మొదటి మూడు నాలుగేళ్లు తయారైన చిప్‌ను పరీక్షించే వ్యాలిడేషన్ ల్యాబులో గడిపి ఇటు రావడం మంచిది. కొలత మీద పట్టు లేనివాడు కస్టమర్ ఎదుట నిలబడలేడు.

మీకు ఏది సరిపోతుందో ఫైనలియర్‌లోనే కొంత తెలుసుకోవచ్చు. కొనుక్కొచ్చిన ప్రాజెక్టు పక్కనపెట్టి, ఒక బక్ కన్వర్టర్ బోర్డు మీరే తయారుచేయండి. దాని అవుట్‌పుట్ రిపుల్‌ను (వోల్టేజిలో మిగిలే చిన్న హెచ్చుతగ్గులను) ఆసిల్లోస్కోపు ప్రోబు పొడవాటి గ్రౌండ్ తీగతో ఒకసారి, పొట్టి స్ప్రింగ్‌తో ఒకసారి కొలవండి. రెండు అంకెలు ఎందుకు వేరయ్యాయో మరొకరికి అర్థమయ్యేలా ఒక పేజీ రాయాలనిపిస్తే, మీరు అప్లికేషన్స్ వైపు రావలసినవారే.