జాగ్రత్త: తెక్క్యన్ పేరుతో అమ్ముతున్న ఆ పీడీఎఫ్ కొని నాలా మోసపోకండి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కథ నడిపే ఆట) ఐదో ఎడిషన్ ఆడేవాళ్ల కోసం ఈ పోస్ట్. ముఖ్యంగా మాంక్ అనే ఒట్టి చేతుల పోరాట పాత్రతో విసుగొచ్చి, "కాళ్లతో కొట్టే కొరియన్ ఫైటర్ ఒకడుంటే బావుండు" అని వెతుకుతున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఒక్కసారి చదవండి. కొరియా సంప్రదాయ యుద్ధకళ తెక్క్యన్‌ను ఆటలోకి తెచ్చామంటూ 64 పేజీల పీడీఎఫ్ ఒకటి అమ్ముతున్నారు. నేను కొన్నాను. పన్నెండొందల చిల్లర నీళ్లలో పోసినట్టయింది. పుస్తకం పేరు, సైటు పేరు రాయడం లేదు, ఆ గొడవ నాకొద్దు. కింద చెప్పిన గుర్తులు చూస్తే మీకే తెలిసిపోతుంది.

మేం ఐదుగురం శనివారం రాత్రుళ్లు మా ఇంట్లో ఆడతాం. డీఎం, అంటే కథ నడిపి రూల్స్ తేల్చేవాణ్ని, నేనే. కొత్త క్యాంపెయిన్ (వారాల తరబడి సాగే కథ) మొదలవుతుందనగానే మా బావమరిది ఒకటే పోరు. "బావా, ఈసారి కత్తీ వద్దు, కర్రా వద్దు. తన్నుడే తన్నుడు." నేనేమో స్కూల్లో నాలుగేళ్లు తైక్వాండో నేర్చుకున్నవాణ్ని. గ్రీన్ బెల్ట్ దగ్గరే ఆగిపోయినా ఆ మోజు మాత్రం పోలేదు. రాత్రి పదకొండింటికి ఈ పీడీఎఫ్ కనబడింది. ఊరికే చూపించే నాలుగు పేజీలూ చూస్తే కళ్లు తిరిగాయి: చక్కటి కవర్, ఒక పేజీ చరిత్ర, తన్ను పడే తీరును అంచెలంచెలుగా చూపే బొమ్మ. చరిత్ర కూడా తప్పేం లేదు. తెక్క్యన్‌ను 1983లో కొరియా ప్రభుత్వం 76వ నంబరు సాంస్కృతిక సంపదగా గుర్తించడం, 2011లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరడం, అన్నీ సరిగ్గానే రాశారు. కార్డు నంబరు కొట్టేశాను.

మిగతా అరవై పేజీల సంగతి శనివారం నాడు తెలిసింది.

మా బావమరిది క్యారెక్టర్ మూడో లెవెల్. మొదటి ఫైట్ ఓగర్ అనే భారీ రాక్షస జీవితో. వాడు షీట్ చూసి, "బావా, నేనిప్పుడు పుమ్‌లో ఉన్నానా, లేనా?" అన్నాడు. మంచి ప్రశ్నే. పుస్తకంలో సగం తన్నులకు "మీరు పుమ్ స్థితిలో ఉంటే" అనే షరతు ఉంది. ఆ స్థితిలోకి ఎలా వెళ్లాలి, ఎప్పుడు బయటికొస్తారు, యాక్షన్ ఖర్చవుతుందా? ఫైల్ మొత్తం సెర్చ్ చేశాను. ఆ మాట పందొమ్మిది చోట్ల ఉంది, అర్థం ఒక్క చోట కూడా లేదు. అందరూ నా మొహం వంక చూస్తున్నారు. సరే, ఉన్నావనుకో అన్నాను.

అదే నేను చేసిన పొరపాటు. పుమ్‌లో ఉండి తన్నితే, తన్ను తగిలిన ప్రతిసారీ ఎదుటివాడు స్టన్ అవుతాడట, అంటే ఏమీ చేయలేక నిలబడిపోతాడు. సేవింగ్ త్రో (పాచిక వేసి తప్పించుకునే అవకాశం) లేదు, కీ పాయింట్ (మాంక్ శక్తులు వాడితే తగ్గే లెక్క) ఖర్చు లేదు, రోజుకిన్ని సార్లనే లెక్కా లేదు. ఉచితంగా దొరికే అసలు రూల్స్‌లో మాంక్‌కు స్టన్ చేసే శక్తి ఐదో లెవెల్‌కి గానీ రాదు, వచ్చాక కూడా ప్రతిసారీ ఒక కీ ఖర్చవుతుంది, ఎదుటివాడికి తప్పించుకునే అవకాశం ఉంటుంది. ఇక్కడ 59 హిట్ పాయింట్ల (ప్రాణబలం లెక్క) ఓగర్ గుడి ముందు ద్వారపాలకుడిలా నిలబడి చచ్చేదాకా తన్నులు తింది, ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. విజార్డ్ ఆడే అమ్మాయి రెండో రౌండ్‌కే ఫోన్ తీసి రీల్స్ చూసుకుంటూ కూర్చుంది. చివరికి మా బావమరిదే, "ఇదేం ఆట బావా, చీటింగ్‌లా ఉంది" అన్నాడు. వాడి నోట ఆ మాట రావడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున కాఫీ పట్టుకుని పీడీఎఫ్ మొదటి నుంచి చదివాను. మూడో అధ్యాయం ఎక్కడో చదివినట్టు అనిపించింది. ఉచిత రూల్స్ డాక్యుమెంట్ తెరిచి పక్కపక్కన పెట్టి చూస్తే, మాంక్‌లోని ఓపెన్ హ్యాండ్ మార్గం అక్షరం పొల్లుపోకుండా దిగిపోయింది. పడగొట్టడం, పదిహేను అడుగులు వెనక్కి నెట్టడం, రియాక్షన్ (తన వంతు కాకపోయినా చేసే ఎదురుచర్య) లేకుండా చేయడం, మూడూ అవే. పేర్లు మాత్రం కొరియన్‌వి అతికించారు. 2023 జనవరి నుంచి ఆ డాక్యుమెంట్ క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత లైసెన్సు కింద ఉంది, ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కానీ ఎక్కడి నుంచి తీసుకున్నారో చెప్పాలి. వీళ్లు ఒక్క ముక్క చెప్పలేదు. ఊరికే దొరికేదాన్ని పన్నెండొందలకు అంటగట్టారు.

బొమ్మలు ఇంకో కథ. ప్రివ్యూలో చూపించిన ఆ ఒక్క బొమ్మ తప్ప మిగతావన్నీ కరాటే డ్రెస్సులో ఉన్న మనుషులే. ఒకాయన నడుముకు సమురాయ్ కత్తి, ఎడమ చేతికి ఆరు వేళ్లు. తెక్క్యన్ ఆడేవాళ్లు వేసుకునేది వదులుగా ఉండే హన్‌బోక్ అనే కొరియా సంప్రదాయ బట్టలు. గురువును "సెన్సే" అన్నారు, బడిని "డోజో" అన్నారు, రెండూ జపాన్ మాటలే. మేం స్కూల్లో తైక్వాండో మాస్టారిని "సబమ్‌నిమ్" అని పిలిచేవాళ్లం. పదమూడేళ్ల పిల్లలకు తెలిసిన సంగతి ఈ రచయితకు తెలియలేదు!

వీటన్నిటికంటే నాకు ఎక్కువ బాధ కలిగించింది వేరే. తెక్క్యన్‌కు ప్రాణం అడుగు వేయడంలో ఉంది. పుమ్‌బప్కి అంటారు: మూడు మూలలున్న త్రికోణం మీద తొక్కుతున్నట్టు, మోకాళ్లు మెత్తగా వంచుతూ, ఊగుతూ కదులుతూనే ఉండడం. చూస్తే డాన్సేమో అనిపిస్తుంది. ఆ ఊపులోంచే, "ఇక్! ఎక్!" అనే అరుపుతో పాటు, కాలు లేస్తుంది. పోటీలో గుద్దులుండవు. ఎదుటివాణ్ని కింద పడేసినా, తలకు తన్ను తగిలించినా గెలిచినట్టే. చీలమండ దగ్గర కాలు తగిలించి పడేసే పట్టును తంజుక్ అంటారు. సరిగ్గా సాగుతున్న పనికి ఎవరైనా అడ్డుపుల్ల వేస్తే, కొరియా వాళ్లు "తంజుక్ వేశాడు" అంటారట. జపాన్ పాలనలో దాదాపు అంతరించిపోతే, సోంగ్ దొక్‌గీ అనే ముసలాయన (1893–1987) ఒంట్లో మిగిలి బతికిన విద్య ఇది. ఇంత ఉంటే, ఆ పుస్తకం పుమ్ అనే మాటను పట్టుకుని అర్థం వదిలేసింది, తంజుక్ ఊసే ఎత్తలేదు. పైగా తైక్వాండో, తెక్క్యన్ ఒకటేనని రాసింది. తైక్వాండో అనే పేరు పుట్టిందే 1955లో. దాన్ని నిలబెట్టిన తొలితరం గురువుల్లో చాలామంది కరాటే నేర్చుకుని వచ్చినవాళ్లు.

రీఫండ్ అడిగాను. డౌన్‌లోడ్ చేశాక డబ్బు తిరిగివ్వం అని సైటు వాళ్లు రెండు వాక్యాల్లో తేల్చేశారు. రచయితకు మెయిల్ పెట్టి మూడు వారాలైంది, ఉలుకూ లేదు పలుకూ లేదు. మన దేశపు వ్యాపారి అయితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసేవాణ్ని, వీళ్లు ఏ దేశంలో ఉన్నారో కూడా తెలియదు. కార్డు ఇచ్చిన బ్యాంకులో మాత్రం, చెప్పిందొకటి ఇచ్చిందొకటి అని డిస్ప్యూట్ పెట్టాను. రెండు డాక్యుమెంట్ల స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టి పంపాను. ఇంకా తేలలేదు.

మీకు ఇలాంటిదే ఏదైనా కనబడితే ముందు విషయసూచిక చూపించమనండి. చూపించకపోతే వదిలేయండి. ప్రివ్యూలో రూల్స్ ఉన్న పేజీ ఒక్కటైనా ఉండాలి, బొమ్మలూ చరిత్రా చూసి నాలా పడిపోవద్దు. ఆ పేజీలోని ఒక వాక్యం కాపీ చేసి ఉచిత రూల్స్‌లో వెతకండి, నిమిషం పట్టదు. రివ్యూల తేదీలు కూడా చూడండి. దీనికి పదకొండు ఫైవ్ స్టార్లుంటే పదకొండూ ఒకే వారంలో వచ్చినవి. నేను కొన్నాక గానీ గమనించలేదు.

మా టేబుల్ దగ్గర ఇప్పుడు నేనే రాసుకున్న అరపేజీ రూల్ నడుస్తోంది. గ్రిడ్ మీద మూడు గడులు త్రికోణంలో తిరిగి మొదటి గడికే వస్తే పుమ్ పూర్తయినట్టు. ఆ తర్వాతి తన్ను తగిలితే ఎదుటివాడు డెక్స్టెరిటీ సేవ్ (చురుకుతనంతో తప్పించుకునే పాచిక) వేయాలి, తప్పితే కింద పడతాడు. స్టన్ మాత్రం లేదు. మొన్న శనివారం మా బావమరిది ఒక గోబ్లిన్‌ను అలా పడేసి, "ఇక్!" అని కుర్చీలోంచి లేచి అరిచాడు, పక్క ఫ్లాట్ ఆంటీ తలుపు కొట్టింది. ఆ అరపేజీ కావాలంటే కామెంట్‌లో అడగండి, ఊరికే ఇస్తాను.