సోయా: జూన్‌లో తక్కువ విత్తనమా, జూలైలో ఎక్కువ విత్తనమా?

ఆదిలాబాద్ నల్లరేగడిలో జూన్ రెండో పక్షంలో, 60-75 మి.మీ. వాన పడ్డాక విత్తితే సాళ్ల మధ్య 45, మొక్కల మధ్య 5 సెం.మీ. చాలు. ఎకరాకు సుమారు 1.8 లక్షల మొక్కలు. వంద గింజలు 12 గ్రాములు, మొలక 70 శాతం అయితే దాదాపు 31 కిలోలు. ఇంకా ఒత్తుగా వేస్తే మొక్కలు సన్నగా సాగి పడిపోతాయి.

జూలై మధ్యకు జారితే పగటి కాలం తగ్గుతూ పూత తొందరగా వస్తుంది. కణుపులు, కొమ్మలు తగ్గుతాయి. సాళ్లు 30 సెం.మీ.కు దగ్గర చేసి విత్తనం నాలుగో వంతు పెంచాలి. లోటు కొంతే పూడుతుంది; గింజ కట్టేటప్పుడు బెట్ట తగిలితే అదీ లేదు.

నా ఓటు జూన్‌కే, కానీ తడి చాలని నేలలో మాత్రం తొందరపడొద్దు. మొలక పరీక్ష రెండింటికీ తప్పనిసరి: సోయా గింజ పొర పలుచన, బస్తా విసిరినా దెబ్బతింటుంది.