హైస్కూల్ బ్యాచ్ మెమరీ బుక్ ప్రింటింగ్ సర్వీస్, వాడి చూశాక నా రివ్యూ

మా హైస్కూల్ బ్యాచ్ అంతా కలిసి ఒక మెమరీ బుక్ చేయించుకున్నాం, ఆన్‌లైన్‌లో ఫోటోబుక్కులు డిజైన్ చేసుకుంటే ప్రింట్ చేసి ఇంటికి పంపే సర్వీసులుంటాయి కదా, అలాంటి ఒకదాంట్లో. అందరి దగ్గరా మేటర్ రాబట్టడం, పేజీలు సర్దడం, ప్రూఫ్ చూడటం అన్నీ నేనే మీదేసుకున్నా కాబట్టి దాని మంచీ చెడూ రెండూ దగ్గర్నుంచి తెలుసు. సర్వీస్ పేరు రాయట్లేదు. ఇలాంటివన్నీ దాదాపు ఒకే పద్ధతిలో నడుస్తాయి, మీరు ఏది తీసుకున్నా ఇక్కడ చెప్పేవి పనికొస్తాయి.

పద్ధతి ఏంటంటే, ఒకరు అడ్మిన్‌గా అకౌంట్ తెరిచి టెంప్లేట్ ఎంచుకోవాలి, తర్వాత బ్యాచ్‌లో అందరికీ ఒక లింక్ వెళ్తుంది, ఎవరికి వాళ్ళు ఫోన్‌లోనే ఫారం నింపి ఒక పాత ఫోటో ఒక ఇప్పటి ఫోటో ఎక్కిస్తే వాళ్ళ పేజీ దానంతటదే తయారైపోతుంది. ఇంతవరకు మామూలే. దీంట్లో అదనంగా ఉన్నది ప్రతి పేజీ కిందా ఒక బాక్స్, మిగతా క్లాస్‌మేట్స్ ఆ మనిషి గురించి రాయడానికి. నేను దీన్ని తీసుకున్నదే ఆ బాక్స్ కోసం, పెట్టిన డబ్బుకి పూర్తిగా న్యాయం చేసింది కూడా ఆ బాక్సే.

ఎందుకంటే మొహాలు మనం ఎలాగూ మర్చిపోం. హ్యారీ బారిక్ అనే సైకాలజిస్టు తన టీమ్‌తో కలిసి 1975లో పబ్లిష్ చేసిన స్టడీ ఒకటుంది, హైస్కూల్ అయిపోయిన 392 మందికి వాళ్ళ సొంత ఇయర్‌బుక్ (బ్యాచ్ అందరి ఫోటోలతో వేసే పుస్తకం) ఫోటోలే చూపించి గుర్తుపట్టమంటే, స్కూల్ వదిలి దాదాపు 35 ఏళ్ళయినవాళ్ళు కూడా పదింట్లో తొమ్మిది మొహాలు పట్టేశారు. ఫోటోలేవీ చూపించకుండా మీ క్లాస్‌లో ఎవరెవరు ఉండేవాళ్ళో పేర్లు చెప్పండి అంటే మాత్రం చాలా తక్కువే చెప్పగలిగారు. అంటే మొహం కళ్ళ ముందు పెడితే మిగతాది బుర్ర చూసుకుంటుంది, కానీ ఆ మనిషి ఎలా ఉండేవాడు, దేనికి ఉడుక్కునేవాడు, ఎవరైనా ఏడిస్తే పక్కన కూర్చునేవాడా తప్పుకునేవాడా, ఇవన్నీ ఇంకొకరు కదిపితే తప్ప బయటికి రావు. మొట్టమొదటి ఇయర్‌బుక్ అని చాలామంది చెప్పే 1806 నాటి యేల్ కాలేజీ పుస్తకంలో కూడా ఉన్నవి స్టూడెంట్ల పక్కవాటు మొహాల నల్లటి నీడ బొమ్మలే, రెండొందల ఏళ్ళు దాటినా ఇప్పటికీ టెంప్లేట్లు చేసేవాళ్ళు పేజీలో ముప్పావు వంతు మొహానికే ఇచ్చి మనిషి గురించి రాయడానికి రెండు లైన్లు వదులుతున్నారు. నేను ముందు మార్చింది అదే, ఫోటో సైజు తగ్గించి బాక్స్ పెంచాను, ఎడిటర్‌లో ఆ వీలుంది.

ఫారంలో వాళ్ళు ముందే పెట్టి ఉంచిన ప్రశ్నలు మాత్రం దేనికీ పనికిరావు. ఇష్టమైన రంగు, హాబీ, ఆశయం, ఇష్టమైన సబ్జెక్ట్, ఇవి అడిగితే క్లాసంతా ఒకే మనిషిలా జవాబు చెప్తుంది. వాటిని తీసేసి సొంత ప్రశ్నలు పెట్టుకోవచ్చు, ఆ ఆప్షన్ సెట్టింగ్స్‌లో ఎక్కడో లోపల ఉంటుంది, వెతికి మరీ మార్చుకోండి. నేను పెట్టినవి ఇలాంటివి: సార్ అడిగిన ప్రశ్నకి జవాబు రాకపోతే వీడు ఏం చేసేవాడు, ఈమె నవ్వు దూరం నుంచి గుర్తుపట్టేవాళ్ళా, వీళ్ళ దగ్గర మీరు ఎప్పుడూ ఏం అడిగి తీసుకునేవాళ్ళు, గొడవైతే ముందు ఎవరు మాట్లాడేవాళ్ళు. మంచివాడు, సరదా మనిషి లాంటి మాటలు ఒక్కటీ రాయకండి, ఏదైనా జరిగింది రాయండి అని పైన పెద్ద అక్షరాల్లో పెట్టాను. దాంతో వచ్చే మేటర్ మొత్తం మారిపోయింది.

రెండో బెంచీలో చివర కూర్చునే అమ్మాయి ఒకామె ఉండేది, అస్సలు మాట్లాడేది కాదు, ఆమె గురించి ఎవరిని అడిగినా సైలెంట్ అనే ఒక్క మాటే చెప్తారు. తన ఫారం కూడా మూడు నాలుగు ముక్కల్లో ముగించేసింది. కానీ ఆమె బాక్స్ నిండిపోయింది, ఒకరితో ఒకరు టచ్‌లో కూడా లేనివాళ్ళు విడివిడిగా ఒకే సంగతి రాశారు, ఇంటర్వెల్‌లో లెక్కలు చెప్పేదని. అందులో ఒకడు రాసింది యథాతథంగా పెడుతున్నా: "వేలితో డెస్క్ మీద గీస్తూ చెప్పేది, అర్థమైందా అని ఒక్కసారి కూడా అడగలేదు, మన మొహం చూసి మళ్ళీ మొదటి స్టెప్ నుంచి ఎత్తుకునేది." ఇది చదివాక ఆమె నాకు ఫోన్ చేసింది. అది వీళ్ళకింకా గుర్తుందా అని అడిగి ఇంకేం మాట్లాడలేదు, ఫోన్ మాత్రం చాలాసేపు పెట్టలేదు.

క్లాస్ లీడర్ సంగతీ అంతే. అల్లరి చేసినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాస్తాడని అందరికీ వాడంటే కోపం, కానీ మెట్ల మీద సార్ చెప్పుల చప్పుడు వినపడగానే సగం పేర్లు గబగబా చెరిపేసేవాడని ఒకడు రాస్తే, "నా పేరు ఎప్పుడూ చెరిపేవాడు కాదు" అని ఇంకొకడు దాని కిందే రాశాడు. మిమిక్రీ చేసేవాడు ఒకడుండేవాడు, టీచర్లందరి గొంతులూ వచ్చు, వాడి గురించి అందరూ నవ్వులే రాస్తారనుకుంటే ఒకమ్మాయి మాత్రం ఎవరికైనా తిట్లు పడి కళ్ళలో నీళ్ళు తిరిగితే వాడు సరిగ్గా అప్పుడే మొదలుపెట్టేవాడని గమనించి రాసింది. నేను అదే క్లాస్‌లో కూర్చుని అది చూడలేదు.

నన్ను బాగా ఆలోచింపజేసింది లాస్ట్ బెంచీ వాడి పేజీ. వాడు కొట్లాటలకి పెట్టింది పేరు. ఒకడు రాశాడు, వీడి వల్ల నేను స్కూల్‌కి రావాలంటేనే భయపడేవాణ్ణి అని. ఇంకొకడు రాశాడు, సీనియర్లు నా జోలికి రాకుండా ఉన్నారంటే వీడు పక్కన ఉండబట్టే అని. రెండూ నిజమే. పేజీ అందంగా ఉండాలని మొదటిది తీసేయడం నాకు ఇష్టం లేదు, అలాగని ఆ మనిషికి చెప్పకుండా అచ్చు వేయించడమూ న్యాయం కాదు, అందుకని వాడికే పంపి అడిగాను. రెండూ ఉంచరా, మొదటివాడికి నా నంబర్ ఇవ్వు అన్నాడు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి పుస్తకంలో.

ఇక్కడ సర్వీస్‌ని మెచ్చుకోవాల్సిన విషయం ఇంకొకటి, ఎవరి పేజీలో ఏముండాలో వాళ్ళే ఓకే చేసే బటన్ ఉంది, వాళ్ళు ఓకే అననిది ప్రింట్‌కి వెళ్ళదు. మా వాడొకడికి ఒంటి తీరుని బట్టి పెట్టిన నిక్‌నేమ్ ఉండేది, మేమంతా ప్రేమగానే పిలిచాం అనుకుంటాం, వాడు ఆ పేరు ఉన్న ప్రతి లైనూ దాచేశాడు. గ్రూప్‌లో కొందరు సరదాకే కదరా అని అడిగారు గానీ నేను ఒప్పుకోలేదు, పిలిపించుకున్నది వాడు కాబట్టి నిర్ణయమూ వాడిదే. ఇలాంటి బటన్ లేని సర్వీస్ ఎంత చవగ్గా దొరికినా బ్యాచ్ బుక్‌కి తీసుకోవద్దు.

పెద్ద లోపం ఏంటంటే, ఈమెయిల్ ఐడీతో ఫారం నింపితే తప్ప ఎవరికీ పేజీ తెరుచుకోదు. మా బ్యాచ్‌లో ఒకడు ఇప్పుడు లేడు. వాడి పేజీ లేకుండా పుస్తకం వేయడం మా ఎవరివల్లా అయ్యే పని కాదు. కస్టమర్ సపోర్ట్‌కి రాస్తే ముందు రెడీమేడ్ జవాబు వచ్చింది, ఆ యూజర్ లింక్ మీద క్లిక్ చేయాలి అని. అది చదివినప్పుడు చాలా బాధేసింది. మళ్ళీ విడమరిచి రాస్తే ఈసారి ఒక మనిషి ఫోన్ చేసి, మా తరఫు నుంచి పేజీ తెరిచి పెడతాను, ఓకే చేసే హక్కు వాళ్ళ ఇంట్లోవాళ్ళకి ఇద్దామా అని అడిగింది. వాళ్ళ అక్కకి ఇచ్చాం. అందరికంటే ఎక్కువ మేటర్ వచ్చింది వాడికే, ఒక పేజీ చాలక రెండు చేశాం. క్లాస్‌లో ఏ పెన్ను మొరాయించినా వాడి దగ్గరికే వెళ్ళేదట, రీఫిల్ తీసి నోటితో ఊది, అరచేతి మీద గీసి చూసి ఇచ్చేవాడు, సాయంత్రానికి చెయ్యంతా నీలం గీతలే. వాళ్ళక్క అది చదివి, రోజూ ఇంట్లో చెయ్యి కడుక్కోరా అని తిట్టేదాన్ని, ఎందుకయ్యేదో నాకు ఇప్పుడు తెలిసింది అన్నారు. ఆ ఫోన్ చేసినావిడ శ్రద్ధ వల్లే ఆ పేజీ వచ్చింది, కానీ ఒక మనిషి మంచితనం మీద ఆధారపడకుండా సిస్టమ్‌లోనే ఆ ఏర్పాటు ఉండాలి.

అవార్డుల పేజీ ఒకటి టెంప్లేట్‌లో ఉంటుంది, ఓట్లు వేసి బెస్ట్ స్మైల్, పెద్దయ్యాక గొప్పవాడయ్యేది ఎవరు, ఇలాంటివి, అమెరికా ఇయర్‌బుక్కుల నుంచి వచ్చిన అలవాటు. మేం తీసేశాం. ఓట్లు ఎప్పుడూ అదే నలుగురికి పడతాయి, మిగతావాళ్ళు తమ పేరు వెతుక్కుని పేజీ తిప్పేస్తారు.

ఫోటోల విషయంలో కాస్త లెక్క తెలుసుకుని దిగండి. ప్రింట్ బాగా రావాలంటే 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు ఉండాలంటారు, ఆ లెక్కన 4×6 అంగుళాల ఫోటోకి 1200×1800 పిక్సెల్స్ ఉండాలి. చాలామందికి స్కూల్ నాటి ఫోటో అంటే ఉన్నది ఆ ఒక్క గ్రూప్ ఫోటోనే, దాంట్లో ఒక్కో మొహం సెంటీమీటర్ వెడల్పు ఉంటే ఎక్కువ. దాన్ని 600 డీపీఐలో స్కాన్ చేసినా మొహానికి వచ్చేది 236 పిక్సెల్స్, అంటే రెండు సెంటీమీటర్ల వరకు పెంచొచ్చు, అంతకు మించి లాగితే కళ్ళూ ముక్కూ కలిసిపోతాయి. ఆ మొహాన్ని పేజీ నిండా పెట్టమని మావాళ్ళు పట్టుబట్టారు, చిన్నగానే పెట్టాను, పదునుగా వచ్చింది. గ్రూప్ ఫోటోని ఫోన్‌తో ఫోటో తీసి పంపొద్దు, ఫ్రేమ్ అద్దం మెరుపు పడుతుంది, ఫ్రేమ్ నుంచి తీసి స్కానర్ మీద పెట్టండి, వెనకవైపు పేర్లు రాసి ఉంటే అదీ స్కాన్ చేయండి. వాట్సాప్‌లో పంపేవాళ్ళకి డాక్యుమెంట్‌గా పంపమని ముందే చెప్పండి, మామూలుగా పంపితే సైజు తగ్గించేస్తుంది.

తెలుగు దగ్గర ఈ సర్వీస్ నిజంగా నిరాశపరిచింది. స్క్రీన్ మీద అక్షరాలు బాగానే కనిపిస్తాయి, ప్రూఫ్ పీడీఎఫ్‌లో వత్తులు ఊడి పక్కకి వచ్చేశాయి, స్కూల్ అన్న మాట చదవడానికే రాలేదు. వాళ్ళ ఫాంట్లలో ఒకే ఒక్కటి సరిగ్గా పనిచేసింది, అది కూడా బోల్డ్ చేస్తే మళ్ళీ విరిగిపోయింది. కొందరి పేజీలు బయట టైప్ చేసి ఫోటోలా మార్చి పెట్టాల్సి వచ్చింది. మా బ్యాచ్‌లో చాలామంది రాసింది తెలుగులోనే, నవ్వులూ తిట్లూ అన్నీ మన మాటల్లో ఉంటేనే ఆ మనిషి గొంతు వినిపిస్తుంది, వేరే దారి లేదు. అందుకే ఒక స్టార్ తగ్గిస్తున్నా.

పేపర్, బైండింగ్ బావున్నాయి. మ్యాట్ తీసుకున్నాం, లైటు పడినా మెరవదు, పైగా ఖాళీ చోట పెన్నుతో రాసుకోవచ్చు, గ్లాసీ మీద ఇంకు చెదిరిపోతుంది. గ్రూప్ ఫోటోని రెండు పేజీల మీద పరిచేట్టయితే తెరిస్తే పేజీలు పూర్తిగా బల్లపరుపుగా పరుచుకునే లే ఫ్లాట్ బైండింగే తీసుకోండి, మామూలు బైండింగ్ అయితే మధ్య వరసలో కూర్చున్నవాళ్ళు మడతలోకి వెళ్ళిపోతారు. రంగులు స్క్రీన్ మీద కంటే కొంచెం ముదురుగా వస్తాయి, పాత ఫోటోలకి కాస్త బ్రైట్‌నెస్ పెంచి పంపడం మంచిది. డెలివరీ చెప్పిన టైముకే వచ్చింది, ప్యాకింగ్ గట్టిగా ఉంది, మూలలు నలగలేదు.

చేయించుకోవాలనుకునేవాళ్ళు ముందు ఒక్క కాపీ మాత్రం తెప్పించి, క్లాస్‌లో అందరినీ పలకరించే ఆ ఒక్క మనిషి చేతిలో పెట్టండి. ఎవరి పేజీ మరీ ఖాళీగా ఉందో ఆ మనిషికే ముందు కనపడుతుంది, వెంటనే నలుగురికి ఫోన్ చేసి "ఏరా, వాడి గురించి ఒక్కడూ రాయలేదేంటి, వాడి సైకిల్ మీద ఎక్కనివాడు మనలో ఎవడున్నాడు" అని అడిగి మేటర్ తెప్పిస్తుంది. మాకు అలాగే ఆరు పేజీలు నిండాయి, మిగతా కాపీలు ఆ తర్వాతే ఆర్డర్ పెట్టాం.