స్టెన్‌హౌస్‌మ్యూర్ సీజన్ టికెట్: నాలుగేళ్లు వాడాక నా అభిప్రాయం

మేం స్కాట్లాండ్‌లోని లార్బర్ట్‌లో ఉంటాం. ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే ఓకిల్‌వ్యూ పార్క్, అంటే స్టెన్‌హౌస్‌మ్యూర్ ఫుట్‌బాల్ క్లబ్ మైదానం. 2021 వేసవిలో మొదటిసారి అక్కడ సీజన్ టికెట్ కొన్నాను. ఇప్పుడు 2025 జూలైలో ఐదోది తీసుకున్నాను. ఎడిన్‌బరోలో, గ్లాస్గోలో ఉండే మనవాళ్లు కొందరు రెండే ప్రశ్నలు అడుగుతున్నారు. కొనొచ్చా? ఈ ఏడాది టీమ్ ఎలా ఉండబోతోంది? రెండింటికీ ఇక్కడే జవాబు చెబుతాను.

ముందు టికెట్ సంగతి. స్కాట్లాండ్ లీగ్‌లో పై నుంచి కిందికి ప్రీమియర్‌షిప్, ఛాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ అని నాలుగు డివిజన్లు. కింది మూడింటిలో ఒక్కో టీమ్ 36 లీగ్ మ్యాచ్‌లు ఆడుతుంది. అంటే తొమ్మిది మంది ప్రత్యర్థులతో తలా నాలుగుసార్లు. అందులో సొంత మైదానంలో జరిగేవి 18. నా టికెట్ ఆ 18 మ్యాచ్‌లకే పనికొచ్చింది, కప్ మ్యాచ్‌లకు విడిగా కొనుక్కున్నాను. ఇది ముందే తెలుసుకోండి. శనివారం మధ్యాహ్నం మూడింటికి మ్యాచ్ ఉంటే ఐదింటికల్లా ఇంటికి వచ్చేస్తాం. పిల్లలున్న వాళ్లకు ఇంతకన్నా అనువైన టైమ్ ఉండదు.

చలి గురించి దాచను. జనవరిలో రెండు జతల సాక్సులు వేసుకున్నా రెండో సగానికి కాళ్లు మొద్దుబారతాయి. ఆ టైమ్‌లో చేతిలో వేడి ‘పై’ ఉండాలి, అంటే లోపల కూర పెట్టి కాల్చిన పిండివంట. నేను మాంసం తినను కాబట్టి మ్యాకరోనీ పై దొరికిన చోటల్లా అదే తీసుకుంటాను. గట్టి పిండి గిన్నెలాంటి దానిలో చీజు పట్టిన మ్యాకరోనీ, పైన కాస్త మాడిన పొర. తినడానికి ముందు ఐదు నిమిషాలు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంటాను. వేరే ఊరి మైదానానికి ఒకసారి వెళ్తే కార్డు మెషిన్ పనిచేయలేదు, నా దగ్గర నగదు లేదు. వర్షంలో ఖాళీ చేతులతో మ్యాచ్ అంతా చూశాను. అప్పటి నుంచి బయటి మ్యాచ్‌లకు జేబులో పది పౌండ్ల నోటు లేకుండా కదలను.

ఇక ఇక్కడి ఊరు, క్లబ్. ఒకప్పుడు ఇక్కడ పశువుల సంత జరిగేది. పేరుకు పక్క ఊరైన ఫాల్‌కర్క్ సంత, కానీ 1785 నుంచి అది స్టెన్‌హౌస్‌మ్యూర్‌లోనే. ఉత్తరాది కొండల నుంచి కూడా పశువులను నడిపించుకుని వచ్చేవారు. ట్రిస్ట్ రోడ్డు పేరు దాన్నుంచి వచ్చిందే, ట్రిస్ట్ అంటే ఇక్కడ సంత. క్లబ్ 1884లో పుట్టింది. మొదటి లీగ్ టైటిల్ గెలిచింది 2024లో, లీగ్ టూలో. మధ్యలో గడిచింది 140 ఏళ్లు. ఆ తర్వాత మైదానానికి వెళ్లిన రోజు నా పక్క సీటు పెద్దాయన ఏమీ మాట్లాడలేదు. మ్యాచ్ ప్రోగ్రామ్‌ను ఒళ్లో పెట్టుకుని, అట్ట మీద ముద్రించిన క్లబ్ పేరును వేలితో నిమురుతూ కూర్చున్నారు. మా అబ్బాయి ఆయన్ను తాతా అంటాడు. ఆ మాటకు అర్థం నేను చెప్పాక ఆయన అలా పిలిస్తేనే పలుకుతున్నారు. ఆ రోజు వాడు కూడా ఆయన్ను కదిలించలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. కొత్త సీజన్‌కు ముందు ఒక చిన్న క్లబ్ భవిష్యత్తును ఎలా అంచనా వేయాలి? మాది పార్ట్‌టైమ్ టీమ్. ఆటగాళ్లకు పగలు వేరే ఉద్యోగాలుంటాయి, వారంలో రెండు సాయంత్రాలు ప్రాక్టీస్. ఈ స్థాయిలో చాలా కాంట్రాక్టులు ఏడాదివే. అందుకే మే నెలలో టీమ్ సగం ఖాళీ అయినట్టు కనిపిస్తుంది. మొదటి రెండేళ్లు నేను కొత్తగా ఎవరొచ్చారనే చూసేవాణ్ని. అది తప్పని మెల్లగా అర్థమైంది. చూడాల్సింది ఎవరు మిగిలారని. ముఖ్యంగా గోల్‌కీపర్, ఇద్దరు సెంటర్ డిఫెండర్లు. వారానికి రెండే ప్రాక్టీసులుండే చోట ఒకరి అడుగు మరొకరికి తెలియడానికి నెలలు పడుతుంది. గ్యారీ నెయిస్మిత్ 2022లో మేనేజర్‌గా వచ్చాక క్లబ్‌లో కుదిరింది ఇదే అని నా నమ్మకం. స్కాట్లాండ్ జాతీయ జట్టుకు 46 మ్యాచ్‌లు ఆడిన మనిషి ఇక్కడ ఓపిగ్గా ఒక వెన్నెముకను నిలబెట్టారు. 2023 జూలైలో మేం మధ్యలో ఎక్కడో ఉంటామనుకున్నాను. ఆ ఏడాదే ఛాంపియన్లయ్యాం. పాత టీమ్ అంతగా చెదరలేదన్న సంగతికి నేనప్పుడు తగినంత విలువ ఇవ్వలేదు.

స్నేహపూర్వక మ్యాచ్‌ల ఫలితాలను పట్టించుకోకండి. జూలైలో జరిగే లీగ్ కప్ గ్రూప్ మ్యాచ్‌లు కొంత నయం. అక్కడ డ్రా అయితే పెనాల్టీలు, గెలిచినవాళ్లకు ఒక పాయింట్ ఎక్కువ. నేను చూసేది మాత్రం డెబ్బై నిమిషాల తర్వాత ఎవరి కాళ్లు నిలబడుతున్నాయి, బెంచి మీద నుంచి ఎవరు వస్తున్నారు అని. పెద్ద క్లబ్బుల నుంచి లోన్ మీద, అంటే కొన్నాళ్ల అరువుకు, వచ్చే కుర్రాళ్లు ఎక్కువగా ఆగస్టులో గానీ తేలరు, కాబట్టి అంతవరకు తీర్పు చెప్పలేం.

2025-26 లీగ్ వన్‌లో మాతో పాటు ఇన్వర్నెస్, హామిల్టన్, కోవ్ రేంజర్స్, క్వీన్ ఆఫ్ ద సౌత్, అలోవా, మాంట్రోజ్, కెల్టీ హార్ట్స్, కొత్తగా పైకొచ్చిన పీటర్‌హెడ్, ఈస్ట్ ఫైఫ్ ఉన్నాయి. టైటిల్‌కు నా ఓటు ఇన్వర్నెస్‌కే. 2015లో స్కాటిష్ కప్ గెలిచిన క్లబ్ అది. పోయిన సీజన్‌లో అప్పులు మీదపడి, శిక్షగా 15 పాయింట్లు కోల్పోయి కూడా కిందికి పడలేదు. ఆ కోత లేకుండా ఆడితే వాళ్లను ఆపడం కష్టం. హామిల్టన్‌కూ పాయింట్ల కోత పడింది, ఛాంపియన్‌షిప్ నుంచి దిగొచ్చారు, సొంత ఊరు వదిలి కంబర్‌నాల్డ్‌లో ఆడబోతున్నారు. వాళ్ల అభిమానులను తలుచుకుంటే బాధగా ఉంది. మా టీమ్ మొదటి నాలుగులో ఉంటుందని ఈసారి ధైర్యంగా చెబుతున్నాను. పై డివిజన్‌కు వెళ్లేందుకు సీజన్ చివర ఆడే ప్లే-ఆఫ్ మ్యాచ్‌ల్లో చోటు దక్కితే చాలు, ఆపైన ఏదైనా జరగొచ్చు.

టెన్షన్ లేదని కాదు. ఇక్కడ పదో స్థానం నేరుగా కిందికి, తొమ్మిదో స్థానం ఇక్కడే నిలవడానికి ఆడే ప్లే-ఆఫ్‌కు. ఆ కింది లీగ్ టూలో అడుగున ఉన్నవాళ్లు ఏకంగా లీగ్ నుంచే పోవచ్చు. 2016లో ఈస్ట్ స్టర్లింగ్‌షైర్ అలా పోయింది, అప్పట్లో వాళ్లు ఆడేది మా ఓకిల్‌వ్యూలోనే. తర్వాత బెరిక్, బ్రీకిన్, కౌడెన్‌బీత్, ఆల్బియన్ రోవర్స్, 2025లో బానీరిగ్. ఈ పేర్లను మా పక్క సీటు తాతగారు వరసగా చెబుతారు, ఊళ్లో పోయినవాళ్ల పేర్లు చెప్పినట్టు. మేం లీగ్ టూ నుంచి బయటపడింది మొన్న మొన్ననే అని ఆయన మరిచిపోరు, నన్నూ మరిచిపోనివ్వరు.

మైదానం కృత్రిమ గడ్డిది. బంతి కాస్త వేగంగా జారుతుంది, నాకు నిజమైన గడ్డి మీద ఆటే ఇష్టం. కానీ వారం పొడవునా పిల్లలు ఆ పిచ్ మీద ఆడుతుంటారు, మా వాడూ అక్కడే నేర్చుకున్నాడు. లాభం పంచుకునే కంపెనీగా కాకుండా ఊరి మేలు కోసం నడిచే సంస్థగా ఈ క్లబ్‌ను నడుపుతున్నారు. నా టికెట్ డబ్బు ఎక్కడికి పోతుందో కళ్లకు కనిపిస్తుంది. ఐదోసారి కొనడానికి నాకు అదే పెద్ద కారణం.

కొనాలనుకుంటే కొనండి. మొదట ఒక మ్యాచ్ చూడాలనుకుంటే ఆగస్టులోనే రండి, చలి మొదలుకాక ముందే. లార్బర్ట్ స్టేషన్‌లో దిగితే నడక దూరమే. మా వాడు తాత పక్కనే కూర్చుంటానని ఇప్పటి నుంచే చెబుతున్నాడు, అందుకని మేం ఈసారి అరగంట ముందే వెళ్తాం.