ఆడమగ వరికి జీఏ: 40 శాతం పొడి వాడాక నా అభిప్రాయం

కరీంనగర్ జిల్లా జమ్మికుంట, హుజూరాబాద్ వైపు యాసంగిలో ఆడమగ వరి, అంటే హైబ్రిడ్ విత్తనం కోసం ఆడ, మగ వరుసలుగా నాటే వరి వేసేవాళ్లకు జీఏ (జిబ్బరెల్లిక్ యాసిడ్ అనే హార్మోన్ మందు) గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మామూలుగా విత్తన కంపెనీ తరఫున సాగు చేయించే ఆర్గనైజరే ఆడ విత్తనం, మగ విత్తనంతో పాటు దాన్నీ తెచ్చి ఇస్తాడు, లెక్కలో పట్టుకుంటాడు. ఈసారి నేను బయట కొన్నాను. జిబ్బరెల్లిక్ యాసిడ్ 40 శాతం, నీళ్లలో కరిగే రకం. డిగ్రీలో బీజెడ్‌సీ చదివి వ్యవసాయంలోకి వచ్చినదాన్ని, ప్యాకెట్ వెనక ఏముందో చదవందే కొట్టించను. సరుకు బాగుంది, మళ్లీ ఇదే కొంటాను. కానీ ప్యాకెట్ మంచిదైతే చాలదు, అందుకే ఇంత రాస్తున్నాను.

ఆడ వరుసల్లో వెన్ను పూర్తిగా బయటికి రాదు. అడుగు గింజలు పోటాకు (వెన్నును చుట్టి ఉండే చివరి ఆకు) తొడుగులోనే ఉండిపోతాయి, పావు వంతు దాకా అలా ఇరుక్కుంటాయి. పుప్పొడి రాలడానికి పైరు మీద తాడు ఎంత లాగినా మగ వరుసల పుప్పొడి తొడుగు లోపలికి పోదు కదా, అవన్నీ తాలే. జీఏ చేసే పని వెన్ను కింద కణుపుల మధ్య ఉండే కాడను సాగదీయడం. కొట్టిన నాలుగైదు రోజులకు ఒక పిలక పట్టుకుని చూడండి. పోటాకు మెడకు పైన లేత ఆకుపచ్చ కాడ కనిపిస్తుంది, వేలితో తాకితే మెత్తగా ఉంటుంది. అది అంతకుముందు లేదు. ఆ కాడ కనబడితే మందు పనిచేసినట్టే. మా మడిలో ఈసారి ఒడ్డు నుంచి చూస్తేనే తెలిసిపోయింది, ఆడ వరుసలన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డట్టు.

అసలు ఈ మందు వరి రోగంలోంచే పుట్టింది. జపాన్‌లో నారు సన్నగా, పాలిపోయి, విపరీతంగా పొడుగు పెరిగి చచ్చిపోయే తెగులు ఉండేది. దానికి కారణమైన శిలీంధ్రం వదిలే పదార్థమే మొక్కను సాగదీస్తోందని 1926లో కురొసావా అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. 1938లో యబుటా, సుమికి దాన్ని స్ఫటికాలుగా విడదీశారు. మొక్కలో సహజంగానే ఉండే హార్మోన్ అని తర్వాత తేలింది. మోతాదు మించితే మనం అదే రోగాన్ని చేతులారా తెస్తున్నట్టు. మొక్క ఎత్తు పెరిగిపోయి పడిపోతుంది.

ఇక కొనేటప్పుడు చూడాల్సింది శాతం. షాపులో జీఏ అని అడిగితే నా చేతిలో ముందు పెట్టింది 0.001 శాతం సీసా. అది మామూలు పంటల మీద ఎదుగుదలకు కొట్టేది. లెక్క వేయండి: అందులో లీటరుకు 10 మిల్లీగ్రాముల జీఏ ఉంటుంది. ఆడమగ వరికి ఎకరాకు 20 గ్రాములు కావాలంటే ఆ సీసాలు 2,000 లీటర్లు పోయాలి! 40 శాతం పొడి అయితే 50 గ్రాములు చాలు. 90 శాతం పొడి అయితే 22 గ్రాములు, కాకపోతే అది నేరుగా నీళ్లలో కలవదు. బకెట్‌లో వేస్తే తెల్లగా పైన తేలి అంచులకు అంటుకుంటుంది. ముందు స్పిరిట్‌లో (ఆల్కహాల్‌లో) కరిగించుకోవాలి, గ్రాముకు 25 నుంచి 40 మిల్లీలీటర్లు. 40 శాతం దానికి ఆ తిప్పలు లేవు. కర్రతో కలియబెడితే పలుకు మిగలకుండా కరిగింది. డబ్బు కొంచెం ఎక్కువైనా నా ఓటు దీనికే.

ఇప్పుడు నీళ్ల సంగతి. దీని మీద ఎవరూ దృష్టి పెట్టరు, నాకు కోపం వచ్చేది అక్కడే. క్షార నీళ్లలో జీఏ నిలవదు, దాని నిర్మాణమే మారిపోయి పని చేయకుండా పోతుంది. ఎండ వేడికి ఇంకా త్వరగా. పైగా అది ఆమ్లం కాబట్టి కాస్త పుల్లటి నీళ్లలో ఉంటేనే ఆకు మీది మైనం పొరను దాటి లోపలికి పోవడం తేలిక. మా బోరు నీళ్లలో పీహెచ్ కాగితం (నీళ్లు పులుపో క్షారమో రంగుతో చూపేది; 7 కన్నా పైన క్షారం, కింద పులుపు) ముంచితే నీలం కలిసిన ఆకుపచ్చ వచ్చింది, అంటే 8 దగ్గర. వంటింట్లో వాడే నిమ్మ ఉప్పు కొద్దికొద్దిగా కలుపుతూ పోతే కాగితం పసుపు పచ్చకు తిరిగింది, 6 దగ్గర. అక్కడ ఆపి, అప్పుడు మందు కలిపాను. పీహెచ్ కాగితాలకయ్యే ఖర్చు జీఏ ఖర్చు ముందు లెక్కలోకే రాదు.

దీని మీద మా ఊళ్లో ఒక మాట నడుస్తోంది: "యాసిడ్ కాబట్టే కణం సాగుతుంది, ఇంకా నిమ్మ ఉప్పు ఎక్కువ వేయి" అని. దయచేసి వేయకండి. ఆమ్లంతో కణం సాగడం నిజంగా ఉంది, కానీ అది ఆక్సిన్ అనే వేరే హార్మోన్ పద్ధతి. ఆక్సిన్ అందగానే కణం హైడ్రోజన్ అయాన్లను బయటికి, అంటే తన చుట్టూ ఉండే కణ గోడలోకి తోస్తుంది. గోడ పుల్లబడుతుంది. ఎక్స్‌పాన్సిన్ అనే ప్రోటీన్లు ఆ ఆమ్లంలో చురుకై గోడలోని పోగుల పట్టు సడలిస్తాయి, లోపలి నీటి ఒత్తిడికి కణం సాగుతుంది. నిమిషాల్లో మొదలయ్యే పని అది. జిబ్బరెల్లిన్ (మన జీఏ ఆ రకం హార్మోనే) దారి వేరు. పెరుగుదలను అదిమిపెట్టే డెల్లా ప్రోటీన్లను తొలగించి, కణ విభజననూ సాగుదలనూ విడుదల చేస్తుంది. అందులోనూ గోడ మెత్తబడుతుంది కానీ ఆమ్లం కక్కించి కాదు, ఆలస్యంగా మొదలవుతుంది. మనం ట్యాంకులో వేసే నిమ్మ ఉప్పు మందును కాపాడడానికే, కణాన్ని సాగదీయడానికి కాదు. మరీ పుల్లగా చేస్తే ఆకు మాడుతుంది.

లోపాలు కూడా చెప్పాలి. ప్యాకెట్ మీద తెలుగు అక్షరం ఒక్కటి లేదు, చీమ తలకాయంత ఇంగ్లిష్. విత్తన వరికి ఎంత వాడాలో రాయనే లేదు. తెరిచిన ప్యాకెట్ గాలి తేమకు గడ్డ కడుతుంది, ఒక్క ఎకరానికి సరిపడా చిన్న ప్యాకెట్లు చేస్తే బాగుండు.

నేను కొట్టిన తీరు: ఆడ వరుసలు పదో వంతు ఈనగానే మొత్తం మందులో 40 శాతం వాటా, మర్నాడు మిగతా 60 శాతం, ఎకరాకు 200 లీటర్ల నీళ్లలో, సాయంత్రం ఎండ తగ్గాక. మగ వరుసలకు ఇంకో పిచికారీ అదనంగా, అవి ఆడవాటి కన్నా పొట్టిగా ఉండిపోతే పుప్పొడి పైనుంచి పడదు. రెండో రోజు వాటాను మొదటి రోజే కలిపి ఉంచకండి, ఏ రోజుది ఆ రోజే కలుపుకోండి.